అంచుదాకా కుట్టిన బొంత

మొన్న మా షాపుకి కొత్త సరుకు వచ్చింది. మస్కట్ దగ్గర అల్ మవాలేలో పరదాలు, పరుపులు, దుప్పట్లు అమ్మే షాపు మాది. మాది అంటే యజమానిది, ఇక్కడ అర్బాబ్ అంటారు, లెక్కలు మాత్రం నావి. ఆ లెక్కలు నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. ఏ కిటికీకి ఎంత గుడ్డ పడుతుందో, కుచ్చులకి ఎంత పోతుందో, తాను చివర ఎంత ముక్క మిగులుతుందో చూసి చూసి, తప్పి తప్పి నేర్చుకున్నాను. ఇప్పుడు గుమ్మంలోకి వచ్చినవాళ్ళు కిటికీ కొలత చెప్పేలోపు నా నోటికి గుడ్డ కొలత వచ్చేస్తుంది.

మూట విప్పితే మెషీన్ మీద కుట్టిన బొంతలు. మధ్యంతా గళ్ళు గళ్ళుగా కుట్టు ఉంది. నాలుగు వైపులా బెత్తెడు మేర కుట్టే లేదు. అంచు నొక్కి చూశాను. లోపల దూది పక్కకి జారిపోయి వట్టి సంచిలా తగిలింది.

"అక్కా, గిట్ల అంచుకు కుట్టు ఎందుకు ఎయ్యలే వీళ్ళు?" అన్నాడు సరుకు దించుతున్న డ్రైవరు. అతనిది జగిత్యాల వైపు.

"అంచుదాకా కుట్టాలంటే టైము పడుద్ది తమ్ముడూ. మధ్యలో ఐతే అందరూ చూస్తారు, అంచు ఎవరు చూస్తారు?"

అన్నాను గానీ, ఆ ఖాళీ అంచు మీదనుంచి చెయ్యి తీయలేకపోయాను. మా అమ్మ ఐతే దాన్ని అసలు బొంత అనేదే కాదు.

నా చిన్నతనం ఈ దేశంలోనే, మస్కట్‌కి దూరంగా ఉన్న రుస్తాఖ్‌లో గడిచింది. అమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు. నాన్న సూర్‌లో ఒక కంపెనీ స్టోరులో పనిచేస్తూ నెలకోసారి వచ్చేవాడు. మేముండేది నర్సుల క్వార్టర్స్‌లో. సున్నం కొట్టిన గదులు ఒకే వరసలో ఉండేవి, వాటి వెనక ఖర్జూరపు తోటలు, తోటల వెనక చెట్టన్నదే లేని రాతికొండ. తోటల మధ్యలోంచి ఫలజ్ పారేది. కొండ అడుగునుంచి ఊరిలోకి తెచ్చిన సన్నటి కాలవ అది. బడినుంచి రాగానే సంచీ అక్కడే పడేసి దాంట్లో కాళ్ళు పెట్టుకు కూర్చునేదాన్ని.

ఊళ్ళో వేడినీళ్ళ ఊట కూడా ఉండేది. బట్టలు ఉడకబెట్టే పని దేవుడే చేసిపెట్టాడని అమ్మ, అక్కడ సెలవురోజైన శుక్రవారం మా చర్చి ప్రార్థన అయ్యాక మూట కట్టుకుని అక్కడికి పోయేది. ఆ నీళ్ళకి అగ్గిపుల్ల గీసి ఆర్పినప్పుడు వచ్చే వాసన ఉండేది. మా బట్టలకీ ఆ వాసనే. బడిలో నా పక్కన కూర్చున్న మలయాళీ పిల్ల ముక్కు మూసుకుంటే, మా ఇంట్లో సబ్బు అదేనని చెప్పాను. ఆ పిల్ల నమ్మింది.

పక్క గదిలో పిన్ని ఉండేది. చుట్టం కాదు. మా వైపునుంచే, కృష్ణ అవతలి ఒడ్డునుంచి వచ్చిన నర్సు. పెళ్ళి కాలేదు, నోరు మాత్రం ఆగేది కాదు. అమ్మకి నైట్ డ్యూటీ పడ్డప్పుడు నా పడక పిన్ని గదిలోనే. చింతపండు అయిపోతే నల్లటి ఎండు నిమ్మకాయ పగలగొట్టి చారులో వేసేది. వరండా అంతా ఒక చేదూ పులుపూ కలిసిన వాసన నిండేది. "ఈ చారు మా అమ్మ తాగితే నన్ను పెంచినందుకు ఏడుస్తది" అంటూ తనే రెండు గ్లాసులు తాగేది.

ప్రహరీ అవతల జద్దా ఇల్లు. జద్దా అంటే అక్కడి భాషలో నాయనమ్మ. ఊరందరికీ జద్దా, మాకూ జద్దానే. ఆమె ఇంట్లో సాయంత్రాలు లుబాన్ పొగ వేసేవాళ్ళు, ఆ సాంబ్రాణి వాసన గోడ దిగి మా మంచాల మీదికి వచ్చేది. జద్దా రోజంతా మగవాళ్ళ టోపీలు కుట్టేది. కుమ్మా అంటారు వాటిని. తెల్లగుడ్డ మీద ఆవగింజంత రంధ్రాలు పొడిచి, ఒక్కోదాని చుట్టూ దారంతో కట్టు కట్టేది. టోపీ మొత్తం, ఖాళీ లేకుండా, అంచుదాకా. మా ఆవకాయ నాలిక్కి రాసుకుని దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు తుడుచుకుని, మళ్ళీ చెయ్యి చాపేది. అమ్మ అరబ్బీ ఆసుపత్రి అరబ్బీ: నొప్పి ఎక్కడ, ఎన్ని రోజుల్నుంచి, ఊపిరి పీల్చు. ఆ మాటలతోనే వాళ్ళిద్దరూ గంటలు గంటలు కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

నేను చిన్నబడిలో ఆఖరి క్లాసుకి వచ్చిన ఏడాది నా పైచదువు సంగతి వచ్చింది. మా చిన్నబడిలో పైక్లాసులు లేవు. మస్కట్ పంపాలంటే అక్కడ పెట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. నెలవారీగా వచ్చిన నాన్న, అమ్మ, పిన్ని వరండాలో కూర్చుని మాట్లాడుకుంటుంటే, నేను ఏసీ నీళ్ళు కారే డబ్బాలో ఖర్జూరపు గింజలు నాటుతూ విన్నాను. మా ఊరి దగ్గర మిషన్ వాళ్ళ ఆడపిల్లల హాస్టలు ఉంది. అమ్మ చదివిందీ అక్కడే. జూన్‌లో బడి తెరిచేసరికి నన్ను అక్కడ చేర్చాలి.

"నేను పోను" అన్నాను డబ్బా దగ్గర్నుంచే.

"నిన్నడిగామా?" అంది పిన్ని. నవ్వించాలని అన్న మాటే. ఎవరూ నవ్వలేదు.

అమ్మ మర్నాడే పెట్టె దింపి పాతచీరలు తీసింది. హాస్టలుకి బొంత కుట్టాలట. ఎందుకంటే చలి. "డిసెంబర్లో నా పళ్ళు టకటకలాడేయి. క్రిస్మస్ పాటలకి తెల్లవార్లూ వీధులు తిరిగొచ్చి ఒక్క చీర కింద నలుగురం పడుకునేవాళ్ళం. అంచున పడుకున్నదానికి ఏమీ మిగిలేది కాదు. ఎప్పుడూ అంచున నేనే" అని చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడు కూడా భుజాలు దగ్గరికి లాక్కుంది.

పైకి అమ్మ ఆకుపచ్చ వాయిలు చీర, అడుక్కి పిన్ని ఇచ్చిన వంకాయరంగు చీర. లోపల పొరలకి అమ్మ డ్యూటీ గౌన్లు, ఉతికి ఉతికి మెత్తబడినవి. చాలవంటే జద్దా వాళ్ళాయన పాత దిష్‌దాషాలు, అక్కడి మగవాళ్ళు తొడిగే పొడుగు తెల్లచొక్కాలు, తెచ్చి ఇచ్చింది. ఆయన పోయి చాలా కాలమైంది. అవి అప్పటికీ లుబాన్ వాసన వేస్తున్నాయి. పొరలన్నీ చాప మీద పరిచి, అమ్మ నన్ను దాని కింద పడుకోబెట్టి, కిటికీ ఏసీ గట్టిగా పెట్టింది.

"చలేస్తుందా?"

"ఊఁ" అన్నాను. నిజమే, ఆ ఏసీ అంత చల్లనిది.

"ఇంకో పొర వెయ్యాలి" అంది. పిన్ని కూడా నా పాదాలు పట్టుకు చూసి, వెయ్యాల్సిందే అంది. మూడోసారికి గానీ ఇద్దరికీ తృప్తి కలగలేదు. ఏళ్ళ తరబడి ఏసీ కింద నిద్రపోతున్న ఆ ఇద్దరికీ చలి అంటే అదే. నాకు అదొక్కటే తెలుసు.

ఇక నగిషీ. అమ్మకి చేపపొలుసు కావాలి. పప్పుగిన్నె మూత బోర్లించి, సగం చుట్టూ సబ్బుముక్కతో గీత గీస్తే ఒక పొలుసు. పక్కపక్కనే ఒక వరస, ఆ పై వరస సగం జరిపి. మొదటి వరస అమ్మ ఈ అంచునుంచి మొదలుపెట్టి గీసుకుంటూ పోయింది. అవతలి అంచుకి వచ్చేసరికి మూత పట్టలేదు. అర మూత కంటే కొంచెం ఎక్కువ జాగా మిగిలిపోయింది.

"ఆ కాస్తా ఒదిలెయ్యక్కా. అంచంతా పట్టీ లాగా సాదాగా ఉంచు. షాపుల్లో అట్టాగే వస్తున్నాయి" అంది పిన్ని.

"కుట్టు పడని చోట గుడ్డ నిలుస్తదా? నాలుగు ఉతుకులకి లోపలి పొరలు జారి తాడైపోద్ది. అంచుదాకా పడాల్సిందే."

"ఐతే ఈ పక్క నిండు చేప, ఆ పక్క తోక తెగిన చేప. చూసినోళ్ళు పిల్లి తిన్నదనుకుంటారు."

"నీకు తమాషాగా ఉందా?"

"ఏడిస్తే పొలుసు పట్టుద్దా?"

గోడ మీదినుంచి చూస్తున్న జద్దాని అడిగారు. ఆమె తన టోపీ చూపించి, అంచుదాకా అన్నట్టు వేలు చుట్టూ తిప్పింది. ఎలా అన్నది మాత్రం చెప్పలేకపోయింది. టోపీ గుండ్రం కదా, దానికి ఈ పక్కా ఆ పక్కా లేవు. అమ్మ గీతలన్నీ తడిగుడ్డతో తుడిచేసి, పొరలు మడిచి మంచం మీద పెట్టేసింది. పని ఆగిపోయింది.

ఆగిపోయిన పని చూస్తే నాకు పండగలా ఉంది. బొంత లేకుండా హాస్టలుకి ఎలా పంపుతారు? డిసెంబర్లో పళ్ళు టకటకలాడతాయి కదా. ఆ ధీమా ఒక్కటే చాలక, పప్పుగిన్నె మూత తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో మోచేతిలోతున పాతిపెట్టాను.

"మూత ఏదే?" అంది అమ్మ.

"పిల్లి ఎత్తుకుపోయుంటది."

"మూతే ఎందుకు ఎత్తుకుపోద్దే? గిన్నె ముందే దాని దగ్గరుందా?" అంది పిన్ని.

కొన్నాళ్ళు పప్పు మీద కంచం బోర్లించారు. ఒక మధ్యాహ్నం అమ్మ, పిన్ని ఇద్దరూ డ్యూటీ దిగి వచ్చి వరండాలో అన్నం తింటున్నారు. నేను లోపల గచ్చు మీద గింజలతో ఆడుకుంటున్నాను. రెండు పలకల గీతల మధ్య గింజలు వరసగా పేర్చాలి, అదీ ఆట. ఒక గీతనుంచి మొదలుపెడితే రెండో గీత దగ్గర సగం గింజ జాగా మిగులుతోంది. ఎన్నిసార్లు పేర్చినా అంతే. విసుగొచ్చి, చివర్నుంచి కాకుండా సరిగ్గా మధ్యలో ఒక గింజ పెట్టి, అటూ ఇటూ పేర్చుకుంటూ పోయాను. జాగా మిగిలింది. కానీ ఈసారి రెండు చివర్లా సమానంగా మిగిలింది.

అది చూడగానే బొంత గుర్తొచ్చింది. బొంతని సగానికి మడిస్తే మధ్య గీత పడుతుంది. ఆ గీత మీద మూత నడుము పెట్టాలి. అక్కణ్ణుంచి అటూ ఇటూ గీసుకుంటూ పోవాలి. రెండు అంచుల్లోనూ పొలుసు ఒకేచోట ఆగుతుంది. అప్పుడది తెగినట్టుండదు, చేప అంచు కిందికి వెళ్ళిపోయినట్టుంటుంది.

ఆ లెక్క ఎవరో నేర్పింది కాదు. తేలాక లోపల ఆగలేదు. ఏ లెక్క తేలుతోందో, తేలితే నాకేమవుతుందో, ఆ క్షణాన అస్సలు తట్టలేదు. పరుగెత్తి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి మూత తీశాను. తవుడు చేతులతోనే వరండాలోకి వచ్చి "అమ్మా, మధ్యనుంచి గీయాలి!" అని అరిచాను.

అన్నం తినే చేతులు ఆగిపోయాయి. అక్కడే అరుగు మీద గీసి చూపించాను. మధ్యనుంచి అటు, మధ్యనుంచి ఇటు. పిన్ని ఎంగిలిచెయ్యి ఎత్తి పట్టుకుని చూస్తూ, "అక్కా, నీ కూతురు నీ కడుపున పుట్టింది కాదే. ఎక్కడో కాంట్రాక్టరు ఇంట్లో తప్పిపోయినట్టుంది" అంది. గోడ అవతలినుంచి జద్దా "షాత్రా, షాత్రా!" అంది. తెలివైనదానా అని.

పిన్ని చూపు అప్పుడు మూత మీద పడింది. దానికి అంటిన తవుడు చూసి, బియ్యం డబ్బా వైపు చూసి, పగలబడి నవ్వింది. "దొంగముండా! పిల్లివి నువ్వేనా!"

అమ్మ నవ్వలేదు. మూత అందుకుని, చీరకొంగుతో ఆ తవుడు తుడుస్తూ కూర్చుంది. మూత శుభ్రమైపోయాక కూడా తుడుస్తూనే ఉంది.

"పోకపోతే ఏమవుద్దమ్మా?" అన్నాను.

"చదువు ఆగిపోద్ది."

"ఆగనీ."

"ఇంత లెక్క వచ్చినదాని చదువు ఆగితే నన్ను దేవుడు క్షమించడు." అంతే అంది. చెయ్యి కడుక్కోవడానికి లేచింది. నేను చెప్పిన లెక్కే నా మీదికి తిరిగింది.

తర్వాత పని ఆగలేదు. బొంత మధ్యనుంచి కుడతారు. గుడ్డలో ఉన్న వదులంతా అరచేత్తో అంచులవైపు తోసుకుంటూ పోవాలి, లేకపోతే మధ్యలో బుడిపె కడుతుంది. మొదట్లో అమ్మ, పిన్ని, జద్దా ముగ్గురూ మోకాళ్ళు తగిలేలా దగ్గరగా కూర్చున్నారు. జద్దా గోడ చుట్టూ తిరిగొచ్చి ఒక పక్క పట్టేది. ఆమె కుట్టు కంటికి కనిపించనంత చిన్నది. పిన్నిది బియ్యపుగింజంత. "నాది చూడండి, రైలు పెట్టెలు" అనేది. మధ్యలో ఆసుపత్రి కబుర్లు, ఊరి కబుర్లు, ఎవరి చర్చిలో పాస్టరు అయ్యగారు ఎంత పొడుగు ప్రార్థన చేస్తాడు, ఎవరింట్లో పులుసు ఎంత బాగుంటుంది అన్నవి. నా పని సూదులకి దారం ఎక్కించడం. కుట్టు సాగేకొద్దీ ఒకరికొకరు దూరం జరుగుతూ పోయారు. ఆఖరికి ఒక్కొక్కరు ఒక్కో అంచున ఉన్నారు. మాటలు వినబడాలంటే గొంతు పెంచాల్సి వచ్చేది.

నాలుగో అంచు అమ్మ ఒక్కతే కుట్టింది. అప్పటికి తోటల్లో ఖర్జూరాలు పసుపు తిరిగాయి. పొలుసు గీత అంచు మడత దాకా తెచ్చి, మడత మీదుగా సూది దించి, వెనక్కి తీసి, మళ్ళీ అదే చోట ఇంకోసారి దించేది. ప్రతి పొలుసుకీ అంతే. వేళ్ళ చివర్లు పగిలి ఉండేవి. ఆసుపత్రి మందునీళ్ళు తగిలితే మండుతున్నాయని పిన్నితో అంటుంటే విన్నాను.

నాన్న సూర్‌నుంచి కంపెనీ పికప్‌లో వచ్చాడు. నన్ను ఇండియాలో దింపి రావడానికి సెలవు పెట్టాడు. బొంతని చుట్టి తాడు కట్టి, "ఇది బొంతా, బస్తానా?" అన్నాడు. జద్దా పురుగు పట్టకుండా లుబాన్ ముక్కలు చుట్టలో దూర్చింది. అమ్మ డ్యూటీ గౌనులోనే వచ్చింది. నన్ను దగ్గరికి తీసుకునే ముందు బొంత చుట్టలో బయటికి కనబడే అంచులన్నీ నొక్కి చూసింది, ఎక్కడైనా వదులుందేమోనని. ఎక్కడా లేదు.

హాస్టల్లో మొదటి రోజే దానికి పేరు పెట్టారు. దుబాయి బొంత. మాది దుబాయి కాదని ఎంత చెప్పినా పిల్లలు వినలేదు. జూన్ నెల, కృష్ణ ఒడ్డు, రేకుల కప్పు. కరెంటు ఉంటే హాలంతటికీ రెండే ఫ్యాన్లు తిరిగేవి. పిల్లలు గచ్చు మీద నీళ్ళు చల్లుకుని పడుకుంటుంటే నేను ఆ బొంత విప్పాను. అందరూ చుట్టూ చేరి దాన్ని తాకి, చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకుని నవ్వారు. కప్పుకోవడం కాదు కదా, కింద వేసుకుని పడుకుందామన్నా వీపు ఉడికిపోయేది. మడిచి పెట్టె మీద పెట్టాను. డిసెంబర్లో మాత్రం కొన్నాళ్ళు దానికోసం పిల్లలు నా చుట్టూ తిరిగారు. ముగ్గురం ముగ్గురం పడుకునేవాళ్ళం. అంచున పడుకున్నదానికీ సమానంగా వచ్చేది. అమ్మకి రాసినప్పుడు ఆ కొన్నాళ్ళ సంగతే రాశాను.

మే నెలలో అమ్మ సెలవు మీద వచ్చింది. నేను హాస్టలు నుంచి పెట్టె, బొంత తెచ్చుకుని అమ్మమ్మ ఇంట్లో ఉన్నాను. వచ్చిన మర్నాడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, నేను ఎంత ఎదిగానో చూడాలంది. నన్ను మంచం మీద పడుకోబెట్టి, బొంత విప్పి మెడదాకా కప్పింది. పాదాల దగ్గర ఎంత మిగిలిందో చూసి, "ఇంకా రెండు మూడేళ్ళు వస్తది" అని మురిసిపోయింది.

అప్పుడే కరెంటు పోయింది.

నేను కదల్లేదు. అమ్మ నా మెడ కింద చెయ్యి పెట్టింది, జుట్టు సర్దడానికి. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. తీసి చూసుకుంది. తడి కారుతోంది. తన నుదురు తుడుచుకుంది, అక్కడా తడే. అమ్మమ్మ ఇంటి కప్పు రేకుల వైపు చూసింది, బయట ఎండ వైపు చూసింది, బొంత వైపు చూసింది.

"ఇది కప్పుకోవడం లేదు కదే నువ్వు."

"డిసెంబర్లో కప్పుకున్నా."

"మరి మిగతా అన్నాళ్ళు?"

నేను బొంత అంచు గడ్డం దాకా లాక్కున్నాను.

"నాకు డిసెంబరే గుర్తుందే" అంది. అమ్మమ్మ వైపు తిరిగి, "పుట్టి పెరిగిన ఊరు. ఇక్కడి ఉక్క నాకు గుర్తు లేకుండా ఎట్టా పోయిందే అమ్మా?" అని అడిగింది. అమ్మమ్మ చీరకొంగుతో మెడ తుడుచుకుంది.

అమ్మ కత్తెర తెమ్మంది. లోపలి గౌన్లు, ఆ దిష్‌దాషాలు తీసేస్తే పైన రెండు చీరలే ఉంటాయి, పల్చగా ఉంటుంది. ఒక అంచు పట్టుకుని కత్తెర మొన దూర్చడానికి చోటు వెతికింది. ఆ అంచు కాదని ఇంకో అంచు చూసింది. ప్రతి పొలుసూ మడత దాకా వచ్చి రెండుసార్లు ముడిపడి ఉంది. అంచున పట్టీ వదిలిన బొంత ఐతే ఒక పక్క విప్పి పొర లాగేయొచ్చు. దీంట్లో ఒక్క పొర తీయాలన్నా మొత్తం విప్పాలి.

ఆ కుట్టుకి ఎన్నాళ్ళు పట్టిందో నేను చూశాను. ఎంతమంది కూర్చున్నారో చూశాను. అమ్మ మళ్ళీ ఎప్పుడు వెళ్ళిపోవాలో కూడా నాకు తెలుసు.

"విప్పొద్దమ్మా" అన్నాను. "మళ్ళీ కుట్టడానికి నీకు సెలవు చాలదు."

అమ్మ కత్తెర మంచం మీద పెట్టేసింది.

ఇప్పుడు అమ్మ లేదు. పిన్ని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. జద్దా ఎప్పుడు పోయిందో మాకు తెలియనే తెలియదు. కిందటేడు రుస్తాఖ్ వెళ్ళినప్పుడు చూస్తే క్వార్టర్స్ ఉన్నచోట కార్లు ఆగి ఉన్నాయి. ఈ దేశానికే తిరిగొచ్చి ఇన్నేళ్ళయింది, మే నెలలో మా ఊళ్ళో ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను కూడా కాసేపు ఆలోచించుకోవాలి. కానీ ఆ ఒక్క మధ్యాహ్నం నాకు బాగా గుర్తుంది. అమ్మ తాటాకు విసనకర్ర తీసుకుని మంచం పక్కన కింద కూర్చుంది. బొంత తీసేయమని తను అనలేదు, తీసేస్తానని నేనూ అనలేదు. కరెంటు వచ్చేదాకా ఆమె విసురుతూనే ఉంది, నేను కప్పుకునే ఉన్నాను.